జీతాలు, బదిలీలు, చెదిరిన కాన్ఫరెన్సులు: అమెరికా కాలేజీ జట్ల అభిమాని ముందున్న చిక్కుముడి

2025 జూలై 1 నుంచి అమెరికాలో ఒక యూనివర్సిటీ తన ఫుట్‌బాల్ (మనం చూసే సాకర్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్) ఆటగాడికి నేరుగా డబ్బు చెల్లించవచ్చు. అంతకుముందు దశాబ్దాల పాటు ఇది పెద్ద నేరం కింద లెక్క. ఆటగాడి చేతికి స్కాలర్‌షిప్ కాకుండా ఇంకేదైనా ముట్టిందని తేలితే అతన్ని ఆడనిచ్చేవారు కాదు. ఆ జట్టు గెలిచిన మ్యాచ్‌లను రికార్డుల్లోంచి కొట్టేసేవారు. యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా తరఫున ఆడిన రెజీ బుష్ 2005లో హైస్‌మన్ ట్రోఫీ గెలిచాడు. కాలేజీ ఫుట్‌బాల్‌లో వ్యక్తిగతంగా దక్కే అతి పెద్ద గౌరవం అది. తన కుటుంబానికి బయటివాళ్ల నుంచి డబ్బు, సౌకర్యాలు అందాయన్న వివాదంలో 2010లో దాన్ని వదులుకోవాల్సి వచ్చింది. 2024 ఏప్రిల్‌లో మళ్లీ అతనికే ఇచ్చారు. పద్నాలుగేళ్లలో లోకం ఎంత మారిందో ఈ ఒక్క ట్రోఫీ ప్రయాణం చూస్తే తెలుస్తుంది.

ఈ మార్పులు చూసి చాలామంది అభిమానులు కంగారు పడుతున్నారు. నిన్నటిదాకా మన జట్టు దాడిని నడిపించిన క్వార్టర్‌బ్యాక్ ఈ ఏడాది వేరే రంగు జెర్సీలో కనిపిస్తాడు. తరతరాలుగా ఆడుతున్న పొరుగు యూనివర్సిటీతో మ్యాచ్ షెడ్యూల్లోనే ఉండదు. టికెట్ మీద కొత్త రుసుము పడుతుంది. ఈ మూడూ దాదాపు ఒకే కాలంలో జరగడంతో "ఆటగాళ్లకు డబ్బులివ్వడం మొదలయ్యాకే అంతా పాడైంది" అనే మాట బలంగా వినిపిస్తోంది. నేనూ ఈ జట్లను ప్రేమించేవాణ్ణే. కానీ ఈ మూడింటికీ కారణం ఒకటి కాదు. డబ్బు, బదిలీ, కాన్ఫరెన్స్ (కలిసి ఆడే యూనివర్సిటీల కూటమి) అనే మూడు పోగులూ వేర్వేరు చోట్ల మొదలై ఇప్పుడు ఒకదానికొకటి చుట్టుకున్నాయి. వాటిని విడదీసి చూడడమే ఈ వ్యాసం పని.

## కాలేజీ జట్టు మీద ఇంత పిచ్చి ఎందుకు

అమెరికాలో రెండు యూనివర్సిటీల మధ్య తొలి పోటీ 1852లో జరిగింది. హార్వర్డ్, యేల్ మధ్య పడవల పందెం అది. తొలి కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్ 1869 నవంబర్ 6న రట్గర్స్, ప్రిన్స్‌టన్ ఆడాయి, రట్గర్స్ 6-4తో గెలిచింది. ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ పుట్టింది 1920లో. అంటే కాలేజీ ఆట దానికంటే అర్ధ శతాబ్దం పెద్దది. ప్రొఫెషనల్ జట్లు పెద్ద నగరాలకే పరిమితమయ్యాయి. మిగతా రాష్ట్రాల్లో యూనివర్సిటీ జట్టే ఊరి జట్టు, రాష్ట్రపు జట్టు అయింది.

నెబ్రాస్కానే చూడండి. ఆ రాష్ట్రంలో ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు లేదు, బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ జట్టు లేదు. లింకన్ నగరంలోని నెబ్రాస్కా యూనివర్సిటీ మెమోరియల్ స్టేడియం టికెట్లు 1962 నుంచి ప్రతి ఫుట్‌బాల్ మ్యాచ్‌కీ అమ్ముడైపోతూనే ఉన్నాయి. మ్యాచ్ రోజున జనసంఖ్యలో ఆ స్టేడియమే రాష్ట్రంలో మూడో పెద్ద నగరం అవుతుందంటారు, అది నిజమే. అదే స్టేడియంలో 2023 ఆగస్టు 30న మహిళల వాలీబాల్ మ్యాచ్ పెడితే 92,003 మంది వచ్చారు. మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంలో అధికారికంగా 1,07,601 మంది పడతారు. మామూలు సీట్ల లెక్కలో ఎన్‌ఎఫ్‌ఎల్ స్టేడియం ఏదీ దాని దరిదాపుల్లోకి రాదు.

సంఖ్యలకు అందనివి కూడా ఉన్నాయి. అయోవా యూనివర్సిటీ స్టేడియం పక్కనే పిల్లల ఆస్పత్రి ఉంది. 2017 నుంచి అక్కడ తొలి క్వార్టర్ అయిపోగానే వేలాది ప్రేక్షకులూ, రెండు జట్ల ఆటగాళ్లూ, రిఫరీలూ ఆస్పత్రి కిటికీల వైపు తిరిగి అక్కడున్న పిల్లలకు చేతులూపుతారు. ప్రత్యర్థి జట్టును మనస్ఫూర్తిగా ద్వేషించే అభిమాని కూడా ఆ నిమిషంలో చెయ్యెత్తుతాడు. టీవీ హక్కుల లెక్కల్లోకి ఎక్కని ఇలాంటివే అభిమానిని జట్టుకు కట్టేస్తాయి. మార్పు అనగానే అతనికి భయం వేసేది కూడా ఇందుకే.

## ఎన్‌సీఏఏ, డివిజన్, కాన్ఫరెన్స్: ఏది ఏమిటి

1905లో ఫుట్‌బాల్ మైదానాల్లో విద్యార్థులు చనిపోతుంటే అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ కాలేజీల పెద్దలను వైట్‌హౌస్‌కు పిలిపించాడు. ఆ ఒత్తిడిలోంచి 1906లో పుట్టిన సంఘమే నేటి ఎన్‌సీఏఏ. ఇది ప్రభుత్వ సంస్థ కాదు, కాలేజీలు కలిసి పెట్టుకున్న సంఘం. సుమారు 1,100 కాలేజీలు, 5 లక్షలకు పైగా ఆటగాళ్లు దీని కిందకు వస్తారు.

1973లో ఈ కాలేజీలను మూడు డివిజన్లుగా విడదీశారు. డివిజన్ 3లో ఆట కోసం స్కాలర్‌షిప్ ఇవ్వరు. డివిజన్ 1లో 350కి పైగా యూనివర్సిటీలున్నా, వాటిలో పైస్థాయి ఫుట్‌బాల్ ఆడేవి 2025 సీజన్‌లో 136. టీవీలో రోజూ కనిపించే గొడవంతా నిజానికి ఈ 136లో కూడా సగం యూనివర్సిటీలదే.

కాన్ఫరెన్స్ అంటే కలిసి షెడ్యూల్ వేసుకుని, టీవీ హక్కులు కలిపి అమ్ముకుని, వచ్చింది పంచుకునే యూనివర్సిటీల గుంపు. ఎస్‌ఈసీ, బిగ్ టెన్, బిగ్ 12, ఏసీసీ అనే నాలుగింటిని పవర్ కాన్ఫరెన్సులు అంటారు. పేర్లలోని అంకెల్ని నమ్ముకోవద్దు: బిగ్ టెన్‌లో ఇప్పుడు 18 యూనివర్సిటీలు, బిగ్ 12లో 16.

ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. మార్చిలో 68 జట్లతో జరిగే పురుషుల బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ టీవీ హక్కులు ఎన్‌సీఏఏవి. ఆ సంఘానికి ప్రధాన ఆదాయం అదే. పెద్ద ఫుట్‌బాల్ డబ్బు మాత్రం ఎన్‌సీఏఏ చేతిలో లేదు, కాన్ఫరెన్సుల చేతిలో ఉంది. అలా ఎందుకు జరిగిందో తెలియాలంటే 1984కి వెళ్లాలి.

## టీవీ తలుపు తెరిచిన 1984 తీర్పు

అప్పటిదాకా ఏ కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్ టీవీలో రావాలో, ఎన్నిసార్లు రావాలో ఎన్‌సీఏఏనే నిర్ణయించేది. ఓక్లహోమా, జార్జియా యూనివర్సిటీలు దీని మీద కోర్టుకెళ్లాయి. మార్కెట్‌లో పోటీని అణచకూడదనే యాంటీట్రస్ట్ చట్టానికి ఇది విరుద్ధమని 1984లో సుప్రీంకోర్టు 7-2 తేడాతో తేల్చింది. అక్కడి నుంచి కాన్ఫరెన్సులు సొంతంగా హక్కులు అమ్ముకోవడం మొదలుపెట్టాయి.

నా దృష్టిలో ఈ కథంతటికీ ఇదే కీలక మలుపు. 2022లో బిగ్ టెన్ ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీ టీవీ సంస్థలతో ఏడేళ్లకు 700 కోట్ల డాలర్లకు పైబడిన ఒప్పందం చేసుకోగలిగిందంటే పునాది ఆ తీర్పే. పొరుగింటి పోటీలు పోవడానికి, దేశం ఈ కొస నుంచి ఆ కొసకు విమానాలెక్కడానికి మూలం కూడా అదే. ఆటగాళ్లకు పైసా ఇవ్వని రోజుల్లోనే ఈ పరుగు మొదలైంది.

## ఆటగాడికి ఎందుకు ఇవ్వలేదు, తర్వాత ఎందుకు ఇవ్వాల్సి వచ్చింది

1951 నుంచి 1987 దాకా ఎన్‌సీఏఏను నడిపిన వాల్టర్ బయర్స్ హయాంలో 'స్టూడెంట్-అథ్లెట్' అనే మాట వాడుకలోకి వచ్చింది. దాని వెనుక న్యాయపరమైన అవసరం ఉంది. 1955లో కొలరాడోలోని ఫోర్ట్ లూయిస్ కాలేజీ ఆటగాడు రే డెనిసన్ మైదానంలో తగిలిన దెబ్బతో చనిపోయాడు. ఉద్యోగి చనిపోతే ఇచ్చే పరిహారం ఇవ్వమని అతని భార్య అడిగారు. అతను ఉద్యోగి కాదని 1957లో కొలరాడో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటి నుంచి వ్యవస్థ మొత్తం ఆ గీత మీదే నడిచింది: వీళ్లు విద్యార్థులు, వీళ్లకు ఇచ్చేది చదువు.

ఆ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. ఫీజు, వసతి, భోజనం, పుస్తకాలు, కోచింగ్, వైద్యం అన్నీ కలిపితే పూర్తి స్కాలర్‌షిప్ చిన్నదేమీ కాదు. అప్పు లేకుండా డిగ్రీ పట్టుకుని బయటికొచ్చిన ఆటగాళ్లు లక్షల్లో ఉన్నారు. వాళ్లలో అధిక శాతం ప్రొఫెషనల్ ఆటకు వెళ్లరు. వాళ్ల జీవితాన్ని నిలబెట్టింది చదువే.

కానీ చుట్టూ ఉన్నవాళ్ల ఆదాయం పెరుగుతూ పోయింది. 2023 నవంబర్‌లో టెక్సస్ ఏ అండ్ ఎం తన ఫుట్‌బాల్ కోచ్ జింబో ఫిషర్‌ను తీసేసింది. కాంట్రాక్టులో మిగిలిన సొమ్ము కింద ఆయనకు ఇవ్వాల్సి వచ్చింది 7.5 కోట్ల డాలర్లకు పైనే. పనిలోంచి తీసేసిన కోచ్‌కు అంత ఇచ్చే చోట, ఆటగాడు తన ఫొటోతో జెర్సీ అమ్ముకుంటే తప్పు అంటే ఎంతకాలం నిలుస్తుంది?

నిలవలేదు. 1995లో లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ యూనివర్సిటీకి బాస్కెట్‌బాల్ టైటిల్ తెచ్చిన ఎడ్ ఒబానన్, ఒక వీడియో గేమ్‌లో తన పోలికతో ఉన్న బొమ్మను చూసి 2009లో కేసు వేశాడు. 2014లో జడ్జి క్లాడియా విల్కెన్ అతనివైపు మొగ్గారు. 2019 సెప్టెంబర్‌లో కాలిఫోర్నియా ఏకంగా చట్టమే చేసింది: ఆటగాడు తన పేరును, రూపాన్ని అమ్ముకుంటే యూనివర్సిటీ శిక్షించకూడదు. ఇతర రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. 2021 జూన్ 21న, ఒక మాజీ కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాడి పేరుతో నడిచిన ఆల్‌స్టన్ కేసులో, సుప్రీంకోర్టు 9-0తో ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది.

ఇక్కడ చాలామంది పొరబడతారు. ఆల్‌స్టన్ తీర్పు జీతాలకు అనుమతి ఇవ్వలేదు. ల్యాప్‌టాప్, ఇంటర్న్‌షిప్, చదువుకు సంబంధించిన బహుమతుల వంటి వాటి మీద పరిమితులు పెట్టకూడదని మాత్రమే చెప్పింది. అయితే జస్టిస్ కవనా విడిగా రాసిన అభిప్రాయంలో మిగతా ఆంక్షలు కూడా చట్టం ముందు నిలవడం కష్టమని గట్టిగా సూచించారు. ఆ హెచ్చరికకు తోడు రాష్ట్రాల చట్టాలు అమల్లోకి వచ్చే గడువు ముంచుకొచ్చింది. పది రోజుల్లో, 2021 జూలై 1న, ఆటగాళ్లు తమ పేరు, రూపం అమ్ముకోవడానికి ఎన్‌సీఏఏ తలుపు తెరిచింది.

## ఎన్‌ఐఎల్ వేరు, రెవెన్యూ షేరింగ్ వేరు

ఎన్‌ఐఎల్ అంటే ఆటగాడు తన పేరు, రూపం, గుర్తింపు వాడుకోనిచ్చినందుకు బయటివాళ్లు ఇచ్చే డబ్బు. కార్ల షోరూమ్ ప్రకటనలో కనిపించడం, ఆటోగ్రాఫులు అమ్మడం, వేసవి క్యాంప్ పెట్టడం దీని కిందకు వస్తాయి. 2021లో అనుకున్నది ఇదే. జరిగింది మాత్రం మరోలా. అభిమానులు, దాతలు చందాలు పోగేసి కలెక్టివ్‌లు అనే సంస్థలు పెట్టారు. కాగితం మీద అది ప్రకటన ఒప్పందం. అసలు ఉద్దేశం మంచి ఆటగాణ్ణి మన యూనివర్సిటీకి రప్పించుకోవడం.

రెవెన్యూ షేరింగ్ అంటే యూనివర్సిటీయే తన క్రీడా ఆదాయంలోంచి ఆటగాడికి వాటా ఇవ్వడం. దీనికి దారి తీసింది హౌస్ సెటిల్‌మెంట్. వార్తల్లో ఈ పేరు చూసి అమెరికా పార్లమెంట్ సభ అనుకోవద్దు. అరిజోనా స్టేట్ ఈతగాడు గ్రాంట్ హౌస్ వేసిన కేసు కాబట్టి ఆ పేరు. దీన్ని 2025 జూన్ 6న ఆమోదించింది కూడా జడ్జి విల్కెనే.

ఆ సెటిల్‌మెంట్‌లో ముఖ్యాంశాలు మూడు. 2016 నుంచి ఆడినవాళ్లకు పాత బకాయిల కింద పదేళ్లలో సుమారు 280 కోట్ల డాలర్లు ఇవ్వాలి. ఇకముందు ఒక్కో యూనివర్సిటీ ఏడాదికి ఒక పరిమితి దాకా పంచవచ్చు. 2025-26కి ఆ పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. ఐపీఎల్ జట్లకు పర్స్ ఉన్నట్టు అనుకోండి, తేడా ఏంటంటే ఇక్కడ ఆ ఒక్క పర్సులోంచే అన్ని ఆటలకూ పంచాలి. మూడోది, బయటి ఒప్పందం విలువ 600 డాలర్లు దాటితే ఆడిట్ సంస్థ డెలాయిట్ నడిపే పరిశీలన వ్యవస్థకు చూపించాలి. అది నిజమైన వ్యాపార ఒప్పందమా, లేక ముసుగేసుకున్న జీతమా అని అక్కడ తేలుస్తారు.

లెక్క వేసి చూద్దాం. ఒక పెద్ద యూనివర్సిటీ పూర్తి 2.05 కోట్లు పంచుతుందనీ, పాత బకాయిల పంపిణీలో వాడిన నిష్పత్తినే పాటిస్తుందనీ అనుకుందాం. ఫుట్‌బాల్‌కు 75 శాతం, పురుషుల బాస్కెట్‌బాల్‌కు 15, మహిళల బాస్కెట్‌బాల్‌కు 5, మిగతా ఆటలన్నిటికీ 5.

ఫుట్‌బాల్‌కు దాదాపు 1.54 కోట్లు వస్తుంది. జట్టులో 105 మంది. సమానంగా పంచితే తలా 1,46,000 డాలర్లు. కానీ ఎవరూ సమానంగా పంచరు. క్వార్టర్‌బ్యాక్‌కు 15 లక్షలు ఇస్తే మిగతా 104 మంది సగటు 1,33,000కు దిగుతుంది. పురుషుల బాస్కెట్‌బాల్‌కు 30.75 లక్షలు, 15 మందికి తలా 2,05,000. మహిళల బాస్కెట్‌బాల్‌కు 10.25 లక్షలు, 15 మందికి తలా 68,000. ఈత, పరుగు, టెన్నిస్, జిమ్నాస్టిక్స్ వంటి వాటిలో కలిపి 400 మంది ఉన్నారనుకుంటే తలా 2,560 డాలర్లు.

ఈ చివరి రెండు అంకెల దగ్గర కాసేపు ఆగాలి.

## ఆడపిల్లల వాటా, టైటిల్ 9

ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థలో ఆడ, మగ వివక్ష ఉండకూడదని 1972లో వచ్చిన చట్టం టైటిల్ 9. అమెరికా మహిళల క్రీడలు ఈ రోజు ప్రపంచంలో ముందున్నాయంటే దాని పాత్ర చాలా పెద్దది. మరి రెవెన్యూ షేరింగ్‌కు ఆ చట్టం వర్తిస్తుందా?

వర్తిస్తుందని అనేవాళ్ల వాదన సూటిగా ఉంటుంది: స్కాలర్‌షిప్ డబ్బును దామాషాగా పంచాలన్నప్పుడు, యూనివర్సిటీ ఖజానాలోంచే వెళ్లే ఈ డబ్బుకు వేరే న్యాయం ఎలా ఉంటుంది? వర్తించదనేవాళ్లు ఇది ఆర్థిక సహాయం కాదు, మార్కెట్ విలువ అంటారు. ఏ ఆట ఎంత సంపాదిస్తే ఆ ఆటగాళ్లకు అంత. 2025 జనవరిలో బైడెన్ ప్రభుత్వ విద్యాశాఖ వర్తిస్తుందని చెప్పింది. ఫిబ్రవరిలో ట్రంప్ ప్రభుత్వం ఆ మార్గదర్శకాన్ని వెనక్కి తీసుకుంది. పాత బకాయిల్లో తమకు అన్యాయం జరిగిందని కొందరు మహిళా క్రీడాకారులు అప్పీల్‌కు వెళ్లారు.

మార్కెట్ వాదనలో నాకు ఒక లోపం కనిపిస్తుంది. మార్కెట్ విలువ ఆకాశం నుంచి ఊడిపడదు. ఏ ఆటను ఏ సమయంలో, ఏ చానల్లో చూపించారన్న దాన్ని బట్టి అది తయారవుతుంది. 2024 మహిళల బాస్కెట్‌బాల్ ఫైనల్‌లో కెయిట్లిన్ క్లార్క్ ఉన్న అయోవా, సౌత్ కరోలినా తలపడ్డాయి. ఆ మ్యాచ్‌ను 1.8 కోట్లకు పైగా జనం చూశారు. అదే ఏడాది పురుషుల ఫైనల్‌ను చూసినవాళ్లు 1.5 కోట్ల లోపే. జనానికి చూసే అవకాశం ఇస్తే విలువ ఎలా పెరుగుతుందో ఆ రాత్రి తేలింది.

## ట్రాన్స్‌ఫర్ పోర్టల్: బదిలీ హక్కు, బదిలీ సంత

2018 అక్టోబర్‌లో మొదలైన పోర్టల్ నిజానికి ఒక జాబితా మాత్రమే. వేరే యూనివర్సిటీకి వెళ్లాలనుకున్న ఆటగాడి పేరు అందులో చేరగానే ఇతర కోచ్‌లు అతనితో మాట్లాడవచ్చు. గొడవ జాబితాతో రాలేదు, నిబంధన మారడంతో వచ్చింది. పాత రోజుల్లో ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆటగాడు యూనివర్సిటీ మారితే ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాలి. 2021లో ఒకసారికి మినహాయింపు ఇచ్చారు. కోర్టు కేసుల ఒత్తిడితో 2024 ఏప్రిల్‌లో ఆ పరిమితి కూడా ఎత్తేశారు. చదువులో అర్హత ఉంటే ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడవచ్చు.

కోచ్‌లకు ఈ స్వేచ్ఛ ఎప్పుడూ ఉంది. 2021 నవంబర్ చివరి మూడు రోజుల్లో లింకన్ రైలీ ఓక్లహోమా నుంచి సదరన్ కాలిఫోర్నియాకు, బ్రయాన్ కెల్లీ నోటర్‌డామ్ నుంచి లూసియానా స్టేట్‌కు వెళ్లిపోయారు. కోచ్ మాటలు నమ్మి చేరిన పద్దెనిమిదేళ్ల పిల్లాడు మాత్రం కూర్చుండిపోవాలంటే అది ఏ రకంగానూ న్యాయం కాదు. కామ్ వార్డ్ చిన్న యూనివర్సిటీ అయిన ఇన్‌కార్నేట్ వర్డ్‌లో మొదలుపెట్టి, వాషింగ్టన్ స్టేట్‌కు, అక్కడి నుంచి మయామికి మారి, ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే 2025 ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో మొట్టమొదట ఎంపికయ్యాడు. బదిలీ హక్కు లేకపోతే అతని కథ మరోలా ఉండేది.

అయితే ఈ కథకే రెండో వైపు ఉంది. ఇన్‌కార్నేట్ వర్డ్ అభిమాని కళ్లతో చూడండి. తమ దగ్గర మెరిసిన కుర్రాడు ఎదిగే కొద్దీ పెద్ద యూనివర్సిటీ పట్టుకెళుతుంది. ప్రతి ఏడాదీ అదే తంతు. నాలుగేళ్ల పాటు ఒక ఆటగాడు తడబడి, కుదురుకుని, చివరి ఏడాది నాయకుడవడం చూసే ఆనందం కాలేజీ ఆటకే ప్రత్యేకం. నేను అన్నిటికంటే ఎక్కువగా పోగొట్టుకున్నది అదే అనిపిస్తుంది. చదువు సంగతి కూడా తీసి పారేయదగ్గది కాదు. మూడు యూనివర్సిటీలు మారితే క్రెడిట్లు అన్నీ బదిలీ కావు, డిగ్రీ వెనకబడుతుంది.

ఇప్పుడు యూనివర్సిటీలు కాంట్రాక్టుల్లో షరతులు రాస్తున్నాయి. గడువుకు ముందే వెళ్లిపోతే డబ్బు తిరిగి కట్టాలని కొన్ని చోట్ల ఉంది. తన ఆటగాడితో ఒప్పందం ఉండగా ప్రలోభపెట్టి లాక్కున్నారని విస్కాన్సిన్ యూనివర్సిటీ 2025 జూన్‌లో మయామి యూనివర్సిటీ మీద కేసు వేసింది. ఇలాంటి కేసులు ఎటు తేలితే బదిలీల వేగం అటు మారుతుంది.

ఇందులో మరుగున పడిపోయే ఒక వర్గం ఉంది: వాక్-ఆన్‌లు. స్కాలర్‌షిప్ లేకుండా, సొంత ఖర్చుతో చదువుకుంటూ జట్టులో చేరే పిల్లలు. ఎన్‌ఎఫ్‌ఎల్ దిగ్గజం జే జే వాట్ విస్కాన్సిన్‌లో ఇలాగే మొదలయ్యాడు. 2017 హైస్‌మన్ విజేత బేకర్ మేఫీల్డ్ కూడా అంతే. పాత పద్ధతిలో ఫుట్‌బాల్‌కు 85 స్కాలర్‌షిప్‌ల పరిమితి ఉండేది, జట్టు సంఖ్యకు అంత కట్టడి లేదు. ఇప్పుడు స్కాలర్‌షిప్‌ల మీద పరిమితి తీసేసి జట్టును 105కు కుదించారు. స్కాలర్‌షిప్‌లు పెరగొచ్చు, వాక్-ఆన్‌లకు చోటు తగ్గింది. 2025 వసంతంలో ఇలా పేర్లు తొలగించిన పిల్లల కోసమే జడ్జి విల్కెన్ ఆమోదాన్ని ఆపి, వాళ్లకు మినహాయింపు ఇచ్చేలా చేశారు. ఆ మినహాయింపు ఆ పిల్లలకే, తర్వాత వచ్చేవాళ్లకు కాదు.

## కాన్ఫరెన్స్ పటం ఎందుకు చెదిరింది

1915 నాటి మూలాలున్న పాక్-12 పసిఫిక్ తీరపు కాన్ఫరెన్స్. ఎన్‌సీఏఏ టైటిళ్లలో దానిదే పైచేయి. 2022 జూన్ 30న లాస్ ఏంజెలెస్ యూనివర్సిటీలైన సదరన్ కాలిఫోర్నియా (యూఎస్‌సీ), యూసీఎల్ఏ బిగ్ టెన్‌కు వెళ్తున్నట్టు ప్రకటించాయి. లాస్ ఏంజెలెస్ ప్రేక్షకులు లేని పాక్-12కు మంచి టీవీ ఒప్పందం దొరకలేదు. 2023 వేసవిలో కొలరాడో, తర్వాత ఒరెగన్, వాషింగ్టన్, అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా వెళ్లిపోయాయి. స్టాన్‌ఫర్డ్, బర్కిలీ ఏసీసీలో చేరాయి. పేరులోనే అట్లాంటిక్ తీరం ఉన్న కాన్ఫరెన్స్ అది! వాటితో పాటు చేరిన డాలస్‌లోని సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ తొమ్మిదేళ్లు టీవీ వాటా తీసుకోనని ఒప్పుకుని మరీ వెళ్లింది. చివరికి ఒరెగన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ రెండే మిగిలాయి. ఆ రెండిటి అభిమానులు చేసిన తప్పేమీ లేదు. వాళ్ల ఊళ్లు టీవీ మార్కెట్లుగా చిన్నవి, అంతే.

యూఎస్‌సీ నిర్ణయం ప్రకటించిన నాటికి రెవెన్యూ షేరింగ్ లేదు. ఈ వలసకు కారణం ఆటగాళ్ల జీతాలు కాదు, టీవీ సొమ్ము.

దీని ప్రభావం ఆటను బట్టి మారుతుంది. ఫుట్‌బాల్ జట్టు వారానికి ఒక మ్యాచ్, ఎక్కువగా శనివారం, ప్రత్యేక విమానంలో వెళ్లి ఆడుతుంది. మహిళల వాలీబాల్ జట్టు సీజన్‌లో 30 దాకా మ్యాచ్‌లు ఆడుతుంది. న్యూజెర్సీలోని రట్గర్స్ జట్టు లాస్ ఏంజెలెస్‌లో మ్యాచ్ ఉందనుకుందాం. దూరం దాదాపు 4,000 కిలోమీటర్లు, మధ్యలో మూడు గంటల సమయ భేదం. శుక్రవారం ఆడాలంటే గురువారం బయల్దేరాలి. ఆ రెండు రోజుల క్లాసులు పోతాయి. రాత్రి 7కి మొదలైన మ్యాచ్ ముగిసేసరికి వాళ్ల శరీరాలకు అది అర్ధరాత్రి దాటిన వేళ. ఫుట్‌బాల్ టీవీ డబ్బు కోసం కుదిరిన ఒప్పందం, దాని భారం ఫుట్‌బాల్‌తో సంబంధం లేని అమ్మాయిల మీద.

అభిమానికి తగిలే దెబ్బ వేరు. ఓక్లహోమా, ఓక్లహోమా స్టేట్ మధ్య శతాబ్దానికి పైగా సాగిన ఫుట్‌బాల్ పోటీ 2023 నవంబర్ 4న ఆగిపోయింది. ఓక్లహోమా ఎస్‌ఈసీకి వెళ్లిపోవడమే కారణం. ఆఖరి మ్యాచ్‌లో ఓక్లహోమా స్టేట్ 27-24తో గెలిచింది. ఒకే కుటుంబంలో అన్న ఒక జట్టు, చెల్లెలు మరో జట్టు అయిన ఇళ్లు ఆ రాష్ట్రంలో కొల్లలు. అదే వలస మరో చోట పోయినదాన్ని తిరిగి తెచ్చింది. టెక్సస్, టెక్సస్ ఏ అండ్ ఎం 2011 తర్వాత ఆడడం మానేశాయి. ఇద్దరూ ఎస్‌ఈసీలో కలవడంతో 2024 నవంబర్ 30న మళ్లీ తలపడ్డాయి, టెక్సస్ 17-7తో నెగ్గింది. కాబట్టి వలస అంటేనే నష్టమని చెప్పలేం. ఏ పోటీ బతకాలో తేల్చేది అభిమాని కాకపోవడమే అసలు బాధ.

## చిన్న ఆటలు, విదేశీ ఆటగాళ్లు

చాలా దేశాల్లో ఒలింపిక్ క్రీడాకారులను ప్రభుత్వం తయారుచేస్తుంది. అమెరికాలో ఆ పని ఎక్కువగా యూనివర్సిటీలు చేస్తాయి. ఇతర దేశాలవాళ్లూ ఇక్కడికొచ్చి పదును పెట్టుకుంటారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో నాలుగు వ్యక్తిగత స్వర్ణాలు గెలిచిన ఫ్రాన్స్ ఈతగాడు లియాన్ మార్షాన్ అరిజోనా స్టేట్ విద్యార్థి. మన హైజంపర్ తేజస్విన్ శంకర్ కాన్సస్ స్టేట్ తరఫున 2018, 2022లో ఎన్‌సీఏఏ టైటిల్ గెలిచాడు. 2022 కామన్వెల్త్ కాంస్యం ఆ తర్వాతి మాట.

ఈ ఆటలు సొంతంగా సంపాదించవు. ఫుట్‌బాల్ డబ్బే వీటిని పోషిస్తుంది. ఇప్పుడు ఆ డబ్బులోంచి 2 కోట్లు బయటికి వెళ్తే ముందు కోత పడేది వీటికే అనే భయం న్యాయమైనదే. స్టాన్‌ఫర్డ్ అంతటి సంపన్న యూనివర్సిటీయే 2020 జూలైలో 11 ఆటలను తీసేస్తానని ప్రకటించి, పూర్వ విద్యార్థుల ఒత్తిడితో 2021 మేలో వెనక్కి తగ్గింది. అప్పటికి రెవెన్యూ షేరింగ్ లేదన్నది గుర్తుంచుకోవాలి. పెన్సిల్వేనియాలోని సెయింట్ ఫ్రాన్సిస్ 2025 మార్చిలో పురుషుల బాస్కెట్‌బాల్ టోర్నమెంట్‌లో ఆడిన కొద్ది రోజులకే డివిజన్ 3కి దిగిపోతున్నట్టు చెప్పింది.

విదేశీ విద్యార్థులకు మరో మెలిక ఉంది. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లు ఏ పని చేసి సంపాదించవచ్చన్న దానిపై గట్టి ఆంక్షలున్నాయి. పక్కనున్న అమెరికన్ సహచరుడు ప్రకటన చేసి డబ్బు తీసుకుంటుంటే, అదే జట్టులోని విదేశీ ఆటగాడు వీసా పోతుందన్న టెన్షన్‌తో దూరంగా ఉండాల్సి వస్తోంది. ఇక్కడ చదివే తెలుగు పిల్లలకు ఈ టెన్షన్ ఎలాంటిదో ఎవరూ వివరించక్కర్లేదు.

## ఇదంతా ఎవరి జేబులోంచి

టీవీ, టికెట్లు, దాతలు. చాలా చోట్ల, ముఖ్యంగా చిన్న యూనివర్సిటీల్లో, విద్యార్థులు కట్టే క్రీడా రుసుము కూడా ఉంటుంది. మ్యాచ్‌కు ఎప్పుడూ వెళ్లని విద్యార్థి కూడా అది కడతాడు. టెనెసీ యూనివర్సిటీ 2025 ఫుట్‌బాల్ టికెట్ల మీద 10 శాతం 'టాలెంట్ ఫీ' వేసింది, ఆటగాళ్ల వాటా కోసమేనని బహిరంగంగానే చెప్పింది. అభిమానులు కొందరు మండిపడ్డారు. నాకు మాత్రం ఆ పద్ధతి దాచిపెట్టడం కంటే మేలనిపించింది. ఎంత కడుతున్నామో, ఎవరికి వెళ్తోందో టికెట్ మీదే ఉంది.

## వీళ్లు ఉద్యోగులా: ఇంకా తేలని ప్రశ్న

ఎన్‌ఎఫ్‌ఎల్‌లోనూ జీతాల పరిమితి ఉంది. అది కోర్టులో ఎందుకు నిలుస్తుంది? అక్కడ ఆటగాళ్ల యూనియన్ ఉంది. యూనియన్ కూర్చుని బేరమాడి ఒప్పుకున్న పరిమితికి యాంటీట్రస్ట్ చట్టం నుంచి మినహాయింపు దొరుకుతుంది. కాలేజీల్లో ఆ యూనియన్ లేదు. అందుకే ఎన్‌సీఏఏ ఏ నిబంధన పెట్టినా ఎవరో ఒకరు కోర్టుకెళ్లి దాన్ని ఊడగొడుతున్నారు.

దీనికి రెండు దారులు చర్చలో ఉన్నాయి. ఆటగాళ్లను ఉద్యోగులుగా గుర్తించి యూనియన్‌తో ఒప్పందం చేసుకోవడం మొదటిది. 2024 మార్చిలో డార్ట్‌మత్ కాలేజీ పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు 13-2తో యూనియన్‌కు ఓటేసింది. యూనియన్ల వ్యవహారాలు తేల్చే కేంద్ర ప్రభుత్వ లేబర్ బోర్డు వైఖరి మారవచ్చన్న అంచనాతో ఆ ఏడాది చివర్లో దరఖాస్తును వెనక్కి తీసుకున్నారు. ఇందులో ఆచరణ చిక్కులు చాలా ఉన్నాయి. ప్రభుత్వ యూనివర్సిటీలకు ఆయా రాష్ట్రాల చట్టాలు వర్తిస్తాయి, నార్త్ కరోలినాలో ప్రభుత్వ ఉద్యోగులతో సామూహిక ఒప్పందమే చెల్లదు. ఉద్యోగి అయితే ఫామ్ తగ్గినప్పుడు తీసేయవచ్చా? ఏమీ సంపాదించని పడవల జట్టు కూడా ఉద్యోగులేనా?

రెండో దారి, అమెరికా పార్లమెంట్ అయిన కాంగ్రెస్ చట్టం చేసి ఎన్‌సీఏఏకు యాంటీట్రస్ట్ రక్షణ ఇవ్వడం, ఆటగాళ్లు ఉద్యోగులు కారని రాసేయడం. స్కోర్ యాక్ట్ పేరుతో వచ్చిన బిల్లు సారాంశం ఇదే. 2025 జూలై 24న ట్రంప్ జారీ చేసిన ఉత్తర్వు కూడా ఆ దిశలోనే ఉంది. దీన్ని సమర్థించేవాళ్లు దేశమంతటికీ ఒకే నియమం ఉంటుందని, చిన్న ఆటలు బతుకుతాయని అంటారు. వ్యతిరేకించేవాళ్లు ఆటగాళ్లు పదిహేనేళ్లు కోర్టుల్లో పోరాడి సాధించుకున్నదాన్ని ఒక్క సంతకంతో లాక్కోవడమే ఇది అంటారు.

నాకు మొదటి దారి కష్టమైనా సరైనదిగా కనిపిస్తుంది, ఎందుకంటే బదిలీలకు గడువు, కాంట్రాక్టుకు కాలపరిమితి, ప్రయాణాలకు హద్దు వంటి అభిమాని కోరుకునే స్థిరత్వమంతా ఆటగాళ్లు ఒప్పుకుంటేనే కోర్టులో నిలుస్తుంది. ఆ ఒప్పుకోలు తీసుకోవడానికి ఎదురుగా ఒక సంఘం ఉండాలి. ప్రస్తుతం ఈ పంపిణీ పరిమితికి ఉన్న ఆధారం ఒక సెటిల్‌మెంట్ మాత్రమే, యూనియన్ సంతకం కాదు. దాని మీద వచ్చే తర్వాతి కేసు ఇక్కడి నుంచే మొదలవుతుంది.